ఎవరూ లేనప్పుడే వేడెక్కే సీటు

"సీటు వేడెక్కుతోంది" అందామె.

"హీటరున్న సీటండీ అది. వేడెక్కకపోతే తీసుకురండి" అన్నాను.

నా వెనక మేస్త్రీ కిసుక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు. గొడుగు మడిచి, నా మొహంలోకి చూస్తూ ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"స్విచ్ వెయ్యకుండా. నా పక్క సీటు. అందులో ఎవరూ లేనప్పుడు."

మా కార్ల రిపేరు షెడ్డు రేకుల మీద ముసురు సన్నగా గీరుతోంది. ఆ చప్పుడు ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. వాన ఆగలేదు. నేనే వినడం మానేశాను.

కారు పాతది. ముదురాకుపచ్చ రంగు ఎండకీ వానకీ వెలిసి నాచులా ఉంది. డ్రైవరు పక్క సీటు చివరిదాకా వెనక్కి జరిపి ఉంది, బారెడు కాళ్ల మనిషెవరో ఇప్పుడే దిగి వెళ్లినట్టు.

ఫ్యూజు చూశాను. స్విచ్ విప్పి చూశాను. పనిలో నాకు నేనుగా పెట్టుకున్న పద్ధతొకటుంది. బండి ఎక్కడ బాధపెడుతోందంటే అక్కడే కూర్చుని, కాసేపు కళ్లు మూసుకుంటాను. అందుకే మేస్త్రీ నన్ను ఫిలాసఫర్ అంటాడు. ఆ సీట్లో కూర్చున్నాను. ఆమె ఇంజను నడుపుతూ పక్కన కూర్చుంది. చాలాసేపు ఎదురుచూశాం. సీటు బావిగట్టులా చల్లగానే ఉంది.

"ఏమీ లేదండీ."

"లేదంటే? నాకలా అనిపిస్తోందంటారా?"

"నేనలా అన్లేదు."

"మీ మొహం అంటోంది."

"నా మొహం పుట్టినప్పట్నించీ ఇంతేనండీ."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. వెంటనే సర్దుకుంది.

"నేను చెవులు పరీక్షించే పని చేస్తాను. చప్పుడు చొరబడని గదిలో మనిషిని కూర్చోబెట్టి, సన్నటి శబ్దాలు వినిపిస్తాను. వినపడితే బటన్ నొక్కాలి. నేనేమీ వినిపించకపోయినా కొందరు నొక్కుతారు. అబద్ధమాడరు, వాళ్లకి నిజంగానే వినపడుతుంది." కాస్త ఆగింది. "నేనూ అలా నొక్కుతున్నానేమోనని భయం. మీరది తేల్చండి."

"ఆ సీటు ఎవరిది?"

"మా అన్నయ్యది. నాకు డ్రైవింగ్ నేర్పుతూ అక్కడ కూర్చునేవాడు. నిరుడు పోయాడు. అప్పట్నించీ ఆ సీటు ఎవరూ జరపలేదు."

నేనప్పటిదాకా కూర్చున్నది అతని కొలతలో.

ఆమె వెళ్లిపోయాక చేతులు కడుక్కున్నాను. మామూలుకన్నా ఎక్కువసేపే కడుక్కున్నాను.

*

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చింది. కారు ఆపీ ఆపకముందే అద్దం దించి కేకేసింది. "తొందరగా రండి! ఇప్పుడుంది!"

పరుగెత్తి తలుపు తీసి కూర్చున్నాను. నిజమే, వెచ్చగా ఉంది. వేడి కొలిచే మీటరు తీసేలోపే ఆ వెచ్చదనం నా కిందనుంచి నెమ్మదిగా తగ్గిపోయింది. నన్ను చూసి ఎవరో లేచి పక్కకి తప్పుకున్నట్టు.

"పోయింది" అన్నాను.

"మీరొస్తే పోతోంది" అంది.

"నేనంటే పడదేమో."

"మా అన్నయ్యకి కొత్తవాళ్లంటే బిడియం." అలా అన్నందుకు తనే ఉలిక్కిపడింది. "చూశారా? నేనే ఇలా మాట్లాడుతున్నాను."

నడుపుతూ చూద్దామని ఊరి బయటి రోడ్డెక్కాం. పొగమంచు. ముందు వెళ్తున్న లారీ దీపాలు తప్ప ఏమీ కనపడటం లేదు. గోతి వచ్చినప్పుడల్లా ఆమె పక్కకి చూస్తుంది. నావైపు కాదు, నేను కూర్చున్న చోటువైపు. ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంది. ఒక చనిపోయిన మనిషి మీద, అందులోనూ ఆమె తోడబుట్టినవాడి మీద నాకు అసూయ కలిగింది. దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాను. సిగ్గుపడ్డాను. అయినా అది పోలేదు.

"గేరు మార్చకుండా ఎంతదూరం లాగుతారు?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

ఆమె చటుక్కున బ్రేకేసింది. మొహం పాలిపోయింది.

"ఏమైంది?"

"అన్నయ్య కూడా అదే అనేవాడు." కొంతసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుంది. "దిగండి."

"ఇక్కడా?"

"దిగి బయట నిలబడండి. ఎవరూ లేకపోతేనే వస్తుందని చెప్పాగా."

తుంపరలో రోడ్డు పక్కన నిలబడ్డాను. తలుపు వేసింది. అద్దాల మీద ఆవిరి. లోపల ఆమె నీడొక్కటే ఉంది. కానీ చూసే కొద్దీ రెండో నీడ కూడా ఉన్నట్టు తోచింది. కళ్లు ఖాళీని ఖాళీగా ఉండనివ్వవు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసినా చూడటం మానలేకపోయాను.

అద్దం మీద వేలితో తట్టింది. తలుపు తీసి చెయ్యి పెట్టాను. సీటు వేడిగా ఉంది. జ్వరమొచ్చిన ఒంటిలా కాలుతోంది. మీటరు పెడితే ముల్లు పైకి లేచింది.

"ఉంది" అన్నాను. "లేని చప్పుడుకి మీరు బటన్ నొక్కలేదు."

ఆమె రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను. చేతులు తీసింది. ఏడుపు లేదు, అలిసిపోయిన మొహం.

"నా సంగతి వదిలెయ్యండి. మా వదినకి ఇది తెలిసిపోయింది. ఆఫీసుకి సెలవు పెట్టేసింది. కారు ఇంట్లో ఉంటే చాలు, పొద్దున ఎక్కి కూర్చుని ఇక దిగదు. తాళం తిప్పి పెట్టుకుని, ముందు సీటు మీద చెయ్యేసి, వెనక కూర్చుంటుంది. నేను పిలిస్తే 'ష్' అంటుంది. అన్నయ్యని పోగొట్టుకున్నాను. వదిననీ ఈ కారు పట్టుకుపోతోంది."

ఆ సాయంత్రం మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. "ఒరేయ్ ఫిలాసఫర్, సీటు సంగతేమో గానీ నువ్వు మాత్రం కాగుతున్నావురా."

*

మర్నాడు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఆమె నన్ను కారు షెడ్డు దాకా తీసుకెళ్లి షట్టరు సగం ఎత్తింది. లోపల బూడిదరంగు వెలుతురు. డాష్‌బోర్డు మీద చిన్న ఎర్రదీపం. వెనక సీట్లో ఒక మనిషి, కదలకుండా. ముందు సీటు భుజం మీద ఒక చెయ్యి.

"వదినా, కారు చూడ్డానికొచ్చారు."

"తెలుసు. వైర్లబ్బాయి." గొంతు మామూలుగా ఉంది. "బాబూ, మీకు పెళ్లయిందా?"

"లేదండీ."

"అయితే మీకు చెప్పినా అర్థం కాదు. పక్కలో మనిషి లేచిపోయాక ఆ చోటు కాసేపు వెచ్చగా ఉంటుంది. మళ్లీ వచ్చేస్తాడన్న ధైర్యంతో అటు తిరిగి పడుకుంటాం. నాకిక్కడ ఆ కాసేపు అయిపోవడం లేదు. దాన్నెందుకు బాగుచెయ్యడం?"

"ఏమిటో తెలుసుకుంటానండీ. మీరు చెప్పకుండా బాగుచెయ్యను" అన్నాను.

వదిన ముందు సీటు మీంచి చెయ్యి తీసింది. అప్పుడు దిగింది.

వదిన లేచిన చోటుని చూస్తూ నిలబడ్డాను. నా పద్ధతే నన్ను మోసం చేసిందని అప్పుడు తట్టింది. నేను ప్రతిసారీ ఆ సీట్లో కూర్చునే వెతికాను. నేను కూర్చోవడమే దాన్ని ఆపుతోంది. అయితే దానికి తెలిసేది మనిషి కాదు, బరువు.

షెడ్డు మూలన పాత బ్యాటరీ కనపడింది. మోసుకొచ్చి సీటు మీద పెట్టాను. జారకుండా బెల్టు కట్టాను. ఆ చీకట్లో అది తలలేని పిల్లాడిలా కూర్చుంది.

"పేరేం పెడదాం?" అంది ఆమె నా పక్కనుంచి, గుసగుసగా.

"మీ అన్నయ్యకి కోపమొస్తుంది."

"రాదు. నవ్వేవాడు." ఆమె భుజం నా భుజానికి తగిలింది. ఇద్దరం జరగలేదు.

బ్యాటరీ ఉన్నంతసేపూ సీటు చల్లగా ఉంది. తీసెయ్యగానే ఎక్కడో 'టిక్' మంది. హీటరుకి కరెంటిచ్చే రిలే. కాసేపటికి వేడి మొదలైంది. మళ్లీ పెట్టాను, మళ్లీ 'టిక్'. నేల మీద పడుకుని, టార్చి వేసి, సీటు కింద చిన్న అద్దం పెట్టి చూశాను.

సీటు చివరిదాకా వెనక్కి ఉండటంతో హీటరు స్విచ్ వైరు తాడులా బిగిసిపోయింది. ఒకచోట పైతొడుగు అరిగి రాగి బయటపడింది. ఖాళీ సీట్లో స్ప్రింగు పైకి లేచి ఆ రాగికి ఆనుతోంది. అది స్విచ్ నొక్కడంతో సమానం. ఎవరైనా కూర్చుంటే స్ప్రింగు దిగి దూరమవుతుంది. అంతే. అన్నయ్య పొడుగు కాళ్లు, ఆ సీటు జరపలేకపోయిన ఇద్దరాడవాళ్లు. ఆ వేడి వాళ్లు ముగ్గురూ కలిసి చేసినది.

లేచి వెంటనే చెప్పలేదు. దొరకలేదంటే ఆమె ఇంకో వారం వస్తుంది. ఇంకో పొగమంచు రోడ్డు. టార్చి ఆర్పి, ఆ చీకట్లో నన్ను నేను ఒకసారి చూసుకున్నాను. బాగా కనపడ్డాను, నాకు నచ్చలేదు.

ఇద్దర్నీ పిలిచి అద్దంలో చూపించాను.

వదిన ఒంగి చూసింది. "ఇంతేనా?" అంది.

"వైరుకి జానెడు ముక్క అతుకుతాను. మళ్లీ అరగదు. సీటు జరపక్కర్లేదు, ఆయన ఎక్కడ ఉంచారో అక్కడే ఉంటుంది. కానీ తనంతట తాను వేడెక్కదు. వద్దంటే ఇలాగే వదిలేస్తాను. ఎప్పుడో ఒకప్పుడు అంటుకుంటుంది. లోపల మీరుంటారు."

"వదినా" అంది ఆమె. "నాకు నువ్వు కావాలి."

వదిన ఆ ఎర్రదీపాన్నే చూసింది. తర్వాత చెయ్యి చాపి తాళం వెనక్కి తిప్పింది. దీపం ఆరింది.

"అతకండి" అంది.

*

పనయ్యాక నన్ను మా షెడ్డు దగ్గర దింపడానికి ఊళ్లోకి బయల్దేరాం. వదిన ముందు తలుపు తీసి నిలబడింది. ఆమె స్టీరింగు ముందు కూర్చుంది, నేను వెనక ఎక్కాను. వదిన ఎక్కి కూర్చుంది. పాదాలు ఎక్కడా ఆనలేదు.

"ఎంత వెనక కూర్చునేవాడే మీ అన్నయ్య!" నవ్వబోయింది, నవ్వు మధ్యలో విరిగింది. తడుముకుని కింద మీట లాగింది. తుప్పు పట్టిన పట్టాల మీద సీటు గట్టిగా కీచుమంటూ ముందుకి జరిగింది. అది మనిషి గొంతులాగే వినిపించింది. ముగ్గురం విన్నాం.

కారు కదిలింది. సీటు చల్లగా ఉంది. వదిన రెండు చేతులూ ఒళ్లో ముడుచుకుంది. చాలాదూరం వెళ్లాక, "చలిగా ఉంది పిల్లా. హీటర్ వెయ్యి" అంది.

ఆమె స్విచ్ నొక్కింది.

వెనక నేను. ముందు అద్దంలో ఆమె కళ్లు ఒకసారి నన్ను చూశాయి, రోడ్డు మీదికి పోయాయి, మళ్లీ వచ్చాయి.

"ఫాల్టు దొరికింది. మీకు పని తప్పింది" అంది మెల్లగా.

"తప్పింది. అదే నా బాధ." ఇంకా మెల్లగా అన్నాను. "మీ పక్క సీటు మీద అసూయపడ్డాను. ఖాళీ సీటు మీద. ఇంకెప్పుడూ రారేమోనని, దొరకలేదని చెప్దామనుకున్నాను."

"చెప్పలేదుగా."

"చెప్పలేకపోయాను. అందుకని ఇది చెప్తున్నాను."

"ఏది?"

"నాకు చెవుడేం లేదు" అంది వదిన, కళ్లు మూసుకునే. "ఆ గుసగుసలేవో పైకే ఏడవండి. అబ్బాయి మాట నిలబెట్టుకునే రకం. ఆఫీసుకి సెలవులైపోయాయి, సోమవారం నుంచి నేను పోతున్నాను. ఆదివారం అయితే ఇంట్లో ఉంటాను, వచ్చి మాట్లాడమను."

వైపర్లు అద్దాన్ని తుడుస్తున్నాయి, మంచు మళ్లీ కప్పుతోంది. ఆమె చెవులు ఎర్రబడటం వెనకనుంచి చూశాను. మా షెడ్డు దీపం మంచులో మసగ్గా కనపడింది, దగ్గరికొచ్చింది, పక్కనుంచి జారి వెనక్కి పోయింది.

"షెడ్డు దాటిపోయామండీ" అన్నాను.

"చూశాను" అంది.