రోలరు దగ్గర అమ్మ

ఉదయం ఆరింటికే గోడలు వెచ్చగా ఉన్నాయి. రాత్రంతా తిరిగిన ఫ్యాను వేడిగాలినే అటూ ఇటూ తోసింది తప్ప ఎవరికీ కునుకు పట్టనివ్వలేదు. పెద్దక్క లేచి కూర్చుంది కానీ తలలో ఇసుక పోసినట్టు బరువుగా ఉంది. అయినా మొహం కడుక్కుని, రెండు డబ్బాలు సర్ది మూతలు బిగించింది.

పెద్దక్క అన్నది లాండ్రీలో ఆమెకు స్థిరపడిన పేరు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. తడి దుప్పటి రెండు కొసలూ ఇద్దరు పట్టుకుని ఆవిరితో కాలే రోలరుకు అందిస్తే, అది అటువైపు పొడిగా, చదునుగా బయటికి వస్తుంది. ఇరవై ఆరేళ్లుగా ఎడమ కొస ఆమెదే. రెండు నెలల క్రితం అదే హాలుకు ఆమె కూతురు సూపర్వైజరుగా వచ్చింది.

ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే భర్త నీళ్ల సీసా చేతికిస్తూ అన్నాడు.

"నిన్న ఎలా నింపానో అలాగే తిరిగొచ్చింది ఇది. దీన్ని షికారుకు తీసుకెళ్తున్నావా ఏంటి?"

"అక్కడ తాగుతున్నాలే," అంది ఆమె అతని వైపు చూడకుండా.

కూతురు స్నానాలగదిలో ఉంది. ఈ మాటలు ఆమెకు వినిపించలేదు.

ఆ మధ్యాహ్నం రెండింటికి హాలు కుతకుతలాడుతోంది. పైన రేకులు, ముందు రోలరు, మధ్యలో మనుషులు. కుడి కొస పట్టుకునే అమ్మాయిని అందరూ పొట్టి అంటారు. ఆమె ఏదో చెబుతోంది కానీ పెద్దక్కకు మాటలు దూరంగా వినిపిస్తున్నాయి. వేళ్లు తనవి కానట్టున్నాయి. చేతిలో ఉన్నది ఒక దుప్పటో రెండో తెలియలేదు. అలాగే అందించేసింది. రెండూ కలిసి మెలిపడి రోలరు కింద ఇరుక్కున్నాయి. ఆమె లాగబోయింది. పొట్టి ఒక్క ఉదుటున రోలరు ఆపే ఎర్ర బొత్తాం నొక్కకపోతే ఆ చెయ్యి కూడా దుప్పట్ల వెంట పోయేది.

రోలరు నలభై నిమిషాలు ఆగింది. సాయంత్రం కూతురు రాసిన రిపోర్టు మేనేజరు బల్ల మీదికి వెళ్లింది. అందులో ఏముందో ఇంటికి వెళ్లేలోపు పెద్దక్కకు ఎవరో చెప్పనే చెప్పారు.

కూతురు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆమె అడిగింది.

"నా పేరు రాశావట."

"రాశాను."

"మిషను లోపం అని రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"అలా రాస్తే మెకానిక్కు వచ్చి మిషను చూసి పోతాడమ్మా. నిన్నెవరు చూస్తారు?"

"నాకేమైందని చూడ్డానికి? ఇరవై ఆరేళ్లు నిలబడ్డాను అక్కడ. రేపు పొద్దున నన్ను పక్కన కూర్చోబెడతారు. కన్నకూతురే నన్ను పనికిరానిదని రాసిచ్చిందని చెప్పుకుంటారు."

"పనికిరానిదని రాయలేదు. వేడికి కళ్లు తిరిగాయని రాశాను. రోలరు దగ్గర ఎంత వేడి ఉందో రాశాను. రెండు దాటాక అందరి పనీ సగానికి పడిపోతోందని రాశాను. ఆరు నెలలు చూసిగాని నన్ను పర్మనెంటు చేయరు. ఇది రాస్తే నా ఉద్యోగం ఊడొచ్చని తెలిసే రాశాను."

కుట్టుమిషను ఆగింది. భర్త లేచి పెద్దక్క సంచిలోంచి సీసా తీసి కూతురి ముందు పెట్టాడు. అది నిండుగా ఉంది.

"నువ్వు సూపర్వైజరువి కదమ్మా. మీ అమ్మ నీళ్లు ఎందుకు తాగడం లేదో అడుగు. నాకైతే చెప్పదు."

కూతురు సీసా వంక, తల్లి వంక చూసింది. "ఎందుకమ్మా?"

పెద్దక్క చెప్పదలచుకోలేదు. కానీ ఆ రోజు ఆమెలో మాట దాచుకునే ఓపిక కూడా మిగల్లేదు.

"తాగితే బయటికి వెళ్లాలి. వెళ్లాలంటే రోలరు ఆపాలి. ఆపాలంటే నిన్ను అడగాలి."

"అడిగితే ఏమైంది?"

"అడిగానుగా ఒకసారి."

కూతురి మొహంలో రంగు మారింది. తను కొత్తగా చేరిన వారంలో జరిగిన సంగతి అది. పెద్దక్క చెయ్యెత్తి అడిగితే, హాలంతా వింటుండగా, "ఈ కట్ట అయ్యాక వెళ్లు పెద్దక్కా," అంది కూతురు. ఆ కట్ట అయింది. దాని వెనక మరో కట్ట వచ్చింది. గంట తర్వాత గాని ఆమెకు తీరలేదు. మర్నాటి నుంచి నీళ్లు తాగడం మానేసింది.

"అమ్మకి వెసులుబాటు ఇస్తోందని అంటారేమోనని భయపడ్డానమ్మా," అంది కూతురు నెమ్మదిగా.

"తెలుసు. అందుకే మళ్లీ అడగలేదు."

ఆ మాటలో కోపం లేదు. అదే కూతురిని కుంగదీసింది. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు.

మర్నాడు పదకొండింటికి మేనేజరు హాల్లోకి వచ్చాడు. చల్లటి గదిలోంచి నేరుగా వచ్చాడేమో, రెండు నిమిషాలకే జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. రిపోర్టు పట్టుకుని కూతురు పక్కనే నిలబడింది.

"ఏం పెద్దక్కా, నిన్నటిదంతా వేడి వల్లేనంటున్నారు మీ సూపర్వైజరుగారు. నిజమేనా? వయసు మీద పడిందంటే చెప్పండి, మడతల బల్ల దగ్గరికి మార్చేస్తాను."

ఏం లేదు సార్, బాగానే ఉన్నాను. ఆ మాట నాలుక చివరే ఉంది. ఇన్నేళ్లూ ఎవరడిగినా అదే చెప్పింది. ఇప్పుడూ అంటే తన చోటు తనకు ఉంటుంది. కానీ కూతురు రాసింది అబద్ధమైపోతుంది. పెద్దక్క అటు చూసింది. కూతురు నేల చూపులు చూస్తోంది. చేతిలో కాగితం చెమటకు మెత్తబడి వంగిపోయింది. చెప్పు అని గాని, వద్దు అని గాని ఆ పిల్ల సైగ చేయలేదు.

"నిజమే సార్," అంది పెద్దక్క. "రెండయ్యేసరికి చేతిలో ఉన్నది ఒకటో రెండో తెలియడం లేదు. పొద్దున పెట్టినన్ని అప్పుడు పెట్టలేకపోతున్నాను. కాసేపు ఆగుతానని అడగడానికి సిగ్గేసి నీళ్లు కూడా తాగడం మానేశాను. నా ఒక్కదానికే ఇలా ఉంటే వయసనుకోండి."

పొట్టి గొంతు సవరించుకుంది.

"నాకూ అంతే సార్. నాకు ఇరవై నాలుగే మరి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత మడతల బల్ల దగ్గర ఒకామె, బట్టల బండి తోసే ఆయన, ఒకరి వెనక ఒకరు నోరు విప్పారు. నిన్న తల తిరిగిందని ఒకరు, మొన్న వాంతయిందని ఒకరు. మేనేజరు విసుక్కుంటూనే విన్నాడు. చివరికి జేబురుమాలు పిండుకున్నంత పని చేసి అన్నాడు.

"రేపటి నుంచి ఐదింటికి మొదలుపెట్టి ఒంటిగంటకి ఆపేద్దాం. గంటకి పది నిమిషాలు రోలరు ఆగుతుంది. ఒక్క వారం చూస్తాను. పని తగ్గిందంటే మాత్రం మళ్లీ పాత పద్ధతే."

ఒక్క వారమే. అయినా హాలంతా ఊపిరి పీల్చుకుంది. పెద్దక్క ఎవరినీ అడగకుండా వెనక తలుపు తీసుకుని పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్లింది. దోసిలి పట్టి కడుపునిండా తాగింది. వెనక అడుగుల చప్పుడైంది. కూతురు వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

పెద్దక్క భుజం మీది తువ్వాలు తడిపి, చిన్నప్పుడు బడినుంచి వచ్చాక తుడిచినట్టే ఆ మొహం తుడిచింది.

"ఊరుకో. సూపర్వైజరు ఏడుస్తోందని లోపల వాళ్లు అనుకుంటారు."

"చెమట అనుకుంటారులేమ్మా," అంది కూతురు, తల్లి భుజం మీద తల ఆనించి.