బిడ్డ ఇంట్లో ఒక నిద్ర

పొయ్యి మీద పాలు పెట్టి సుశీలాబాయి అక్కడే కూర్చుని కునుకు తీసింది. పాలు పొంగి నిప్పుల మీద పడ్డాయి. ఆ వాసనకు వాకిట్లో ఉన్న భర్త కిష్టన్న లోపలికి వచ్చాడు.

"పొద్దుగాల్నే నిద్రేందే? రాత్రంత గురక వెడ్తవు, పగలంత తూగుతవు. నీ నిద్రకు అంతు లేదా?"

ఆమె గబగబా పాలగిన్నె దించింది. ఎంతసేపు పడుకున్నా, తెల్లారేసరికి ప్రాణహిత నదికి ఎదురీదినట్టు ఒళ్లు అలసిపోతుందంటే ఎవరు నమ్ముతారు?

కూతురు సింధూజ పెళ్లి, ఆమె అత్తగారి ఊరు ఆష్టిలో జరిగింది. విడిదింట్లో సుశీలాబాయి గురక విని ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. "కొట్టంల బర్రె లెక్కనే" అని ఎవరో అన్న మాట ఆమె చెవిన పడింది. ఆనాటి నుంచి వడ్ల బస్తాల గదిలో తలుపు వేసుకుని ఒంటరిగా పడుకుంటోంది. ఏ చుట్టాలింటికి పోయినా పొద్దుగూకక ముందే బస్సెక్కేస్తుంది.

ఆ మధ్యాహ్నం సింధూజ చెప్పాపెట్టకుండా సిరోంచలోని పుట్టింటికి వచ్చింది. నెల కిందట ఆమెకు కడుపు పోయింది. అప్పుడు తల్లి ఆష్టికి పోయి, తల నిమిరి, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది.

"నా కడుపు పోయిననాడు గూడ ఒక్క నిద్ర చెయ్యలే నువ్వు. మా అత్త నా పక్కకు పండుకున్నది. కన్నతల్లివి, నువ్వేమో బస్సుకు ఉరికినవ్. నేను గంత బరువైన్నా అమ్మా?"

"గట్ల గాదు బిడ్డా. నాకు గురకొస్తది. మీ వాళ్లు మళ్ల నవ్వితే నీకు నామోషి అయితదని..."

"గురకకు భయపడి నన్ను ఇడిసిపెట్టి పోయినవా?" సింధూజ మొహం తిప్పుకుంది.

సుశీలాబాయి అన్నం ముట్టకుండా తన గదిలోకి పోయి ఒరిగింది. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. ఎవరో భుజాలు పట్టి కుదిపేస్తుంటే కళ్లు తెరిచింది.

"అమ్మా! లే అమ్మా! ఊపిరి తీస్కో!" సింధూజ గడప వైపు తిరిగి కేకేసింది. "బాపూ, గురక మధ్యల అమ్మ ఊపిరి ఆగింది! పెదవులు నల్లవడ్డయి!"

"గట్లనే అయితది. జర ఆగి మళ్ల అదే వస్తది," అన్నాడు కిష్టన్న.

"ఎర్కుండి గూడ ఊకున్నవా?"

"గురకల అదొక తీరు అనుకున్న బిడ్డా," అని అతను తల దించుకున్నాడు.

ఆ వారమే ముగ్గురూ నాగపూర్ వెళ్లారు. నిద్రలో ఆమెను పరీక్షించిన డాక్టరు, గొంతు కండరాలు వదులై గాలి పోయే దారి మూసుకుపోతోందని చెప్పాడు. ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు ఆమెను లేపుతోంది, అందుకే పగలు కునుకు. "దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. ఇది జబ్బు, బద్ధకం కాదు. వదిలేస్తే గుండెకు ముప్పు." బరువు తగ్గమన్నాడు, పక్కకు తిరిగి పడుకోమన్నాడు. ముక్కుకు మాస్కు పెట్టి గాలి అందించే మెషీన్ ఇప్పించాడు.

జబ్బు అంటే ఎవరైనా భయపడతారు. సుశీలాబాయికి మాత్రం ఇన్నేళ్లకు ఎవరో తన తరఫున మాట్లాడినట్టు అనిపించి కళ్లు నిండాయి.

తిరుగు దారిలో ఆష్టి రాగానే సింధూజ తల్లి చెయ్యి పట్టుకుని బస్సు దింపేసింది. వెనకే కిష్టన్నా దిగాడు. ఆ రాత్రి వియ్యపురాలు సోనుబాయి తన పక్కకే పరుపు వేసింది. "ఈడ పండుకో వదినే."

సుశీలాబాయి బెరుకుగా మాస్కు పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు.

మెలకువ వచ్చేసరికి వాకిట్లో ఎండ పడింది. తల తేలికగా ఉంది. పక్కనే సింధూజ ఎర్రబడ్డ కళ్లతో, తల్లి గుండె మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది.

"నువ్వు పండుకోలేదా బిడ్డా?"

"చూస్కుంట కూసున్న. ఒక్కపారి గూడ ఆగలే అమ్మా."

సుశీలాబాయి మాస్కు తీసేసి కూతురి తలను ఒళ్లోకి లాక్కుంది. సింధూజ అప్పుడు ఏడ్చింది. పోయిన పసిగుడ్డు కోసం, ఆనాడు తల్లి ఒళ్లో ఏడవలేకపోయిన ఏడుపంతా ఏడ్చింది.

"సుశీలా, సిరోంచ బస్సు వస్తది, తయారు గా!" బయటి నుంచి కిష్టన్న కేకేశాడు.

"నువ్వు పో," అంది సుశీలాబాయి, బిడ్డ తల నిమురుతూ. "నేను ఈడ్నే ఉంట."