గుడ్లు తిన్న కొలతల మాష్టారు

వీధి చివరింటి జియా పిన్ని చెప్పిందట. ఆవిడకి టోఫు బండి వాడు చెప్పాడట. పురావస్తు శాఖ వాళ్ల కుర్రాడు తాన్ నిన్న వానలో డాంగ్ వాళ్లింటికి వెళ్లి గుడ్లు తిన్నాడట. ఒకటి తిని ఊరుకున్నాడా అంటే లేదట. గిన్నె అడుగు కనబడేదాకా తిని, బెల్లం నీళ్లు కూడా జుర్రుకుని, మూతి తుడుచుకుని, "ఇంకోటి ఉంటుందా నానమ్మా?" అని అడిగాడట.

"అడిగాడా!" అన్నారట విన్నవాళ్లు.

తూచెంగ్ ఊళ్లో పెళ్లికాని కుర్రాడు పెళ్లీడు పిల్ల ఉన్న ఇంటికి వెళితే, ముందు పెట్టిన గిన్నెని బట్టి సంగతి తెలుసుకోవాలి. నూడుల్స్ పెడితే, తిని వెళ్లిరా నాయనా అని. ఎర్రబెల్లం నీళ్లలో ఉడికిన గుడ్లు పెడితే, నువ్వు మాకు నచ్చావని. ఆపైన కుర్రాడి వంతు. ఇష్టం లేనివాడు మర్యాదగా ఒక గుడ్డు వదిలేస్తాడు. ఇష్టమున్నవాడు గిన్నె ఖాళీ చేస్తాడు. ఇంకోటి అడిగినవాడు మాత్రం ఊరు పుట్టాక లేడు. అంత ఆత్రం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.

పాపం, తాన్ రుయ్‌ది ఎక్కడో దక్షిణాన హూనాన్. అక్కడ గుడ్డంటే గుడ్డే.

మధ్యాహ్నానికి ఊరి వీచాట్ గ్రూపులో ఎవరో గుడ్డు బొమ్మ పెట్టారు. దాని కింద ఇంకొకరు. సాయంత్రానికి గ్రూపు నిండా గుడ్లే. ఫోను చూసుకున్న డాంగ్ వాళ్ల పెళ్లీడు పిల్ల చ్యూహేకి చెవులు ఎర్రబడ్డాయి. బుట్ట అక్కడే పడేసి ఇంటికి పరిగెత్తింది.

"నానమ్మా! అతనికేం పెట్టావు?"

నానమ్మ ఎండబెట్టడానికి నారింజరంగు సీమతునికి పండ్ల తొక్క తీస్తోంది. తల ఎత్తలేదు. "తడిసి ముద్దై వచ్చాడే. వేడిగా ఏదో ఒకటి కడుపులో పడాలిగా."

"నూడుల్స్ చెయ్యలేకపోయావా?"

"పిండి కలపాలి. నా మణికట్లు నొప్పి."

"పొద్దున్నే బుట్టెడు రొట్టెలు చేశావుగా!"

"అందుకే నొప్పి."

"నీ ఎత్తు నాకు తెలీదనుకున్నావా? అల్లుడైతే చెట్లు కొట్టించడని కదూ?"

"ఆ మాట నువ్వంటున్నావు. నేను గుడ్లు మాత్రమే పెట్టాను." నానమ్మ పొడుగాటి తొక్కని తెగకుండా తీసి గంపలో వేసింది. "అయినా అతను తింటుంటే తలుపు వెనకాల నిలబడి చూసిందెవరో నాకు తెలీదులే."

చ్యూహే తలుపు ధడాలున వేసి బయటికొచ్చింది.

గొడవంతా ఆ చెట్ల గురించే. ఊరి వెనకాల ఏనుగుల బారులా ఒక మట్టిగోడ ఉంది. రెండు వేల ఏళ్ల కిందట ఏ రాజో కట్టించుకున్న నగరం ప్రాకారం. ఇప్పుడు మేకలెక్కి దిగే దిబ్బ. డాంగ్ వాళ్ల సీమతునికి చెట్లన్నీ ఆ గోడ వీపు మీదే ఉన్నాయి. చ్యూహే తాత నాటినవి. చలి మొదలయ్యేసరికి ఆకులన్నీ రాలిపోయి, కొమ్మకొమ్మకీ దీపాలు తగిలించినట్టు పండ్లు మాత్రం మిగులుతాయి. ఆ పండ్లతోనే ఇల్లు గడుస్తుంది. ఇప్పుడేమో ఆ గోడనీ, దాని లోపలి పాత నగరాన్నీ కలిపి అందరూ వచ్చి తిరిగే పార్కు చేస్తారట. గోడ మీద గడ్డి ఉండవచ్చు, లోతుగా వేళ్లు దిగే చెట్టు ఒక్కటీ ఉండకూడదట.

ఆ మాట చెప్పడానికి వచ్చినవాడే తాన్ రుయ్.

అతన్ని మొదటిసారి చూసినప్పుడు చ్యూహే నిచ్చెన మీద ఉంది. కింద ఎవరో కళ్లజోడు మనిషి చెట్టు మొదలుకి ఎర్రగుడ్డ కడుతున్నాడు.

"ఏం మాష్టారూ, మా చెట్టుకి పెళ్లా?"

అతను ఉలిక్కిపడి పైకి చూశాడు. "కాదండీ. గుర్తు."

"దేనికి గుర్తు?"

"తీసెయ్యాల్సిన చెట్లకి."

మాగిన పండు ఒకటి వచ్చి అతని టోపీ మీద పచ్చడైంది.

"అయ్యో, చెయ్యి జారింది" అంది చ్యూహే.

అతను టోపీ తీసి దులుపుకుంటుండగా ఇంకో పండు వచ్చి భుజం మీద పడింది.

"ఇదీ జారిందా?"

"లేదు. ఇది వేశాను."

అతను భుజం మీది గుజ్జుని వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాడు. కాసేపు ఆలోచించి, "చాలా తియ్యగా ఉంది" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అన్నాడు. చ్యూహేకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆ రోజునుంచి అతను గొట్టపు పారతో గోడని పొడుస్తూ, పైకొచ్చిన మట్టిని చేతిలో నలుపుతూ అక్కడే తిరిగేవాడు. ఊళ్లోవాళ్లు కొలతల మాష్టారని పేరు పెట్టారు. చ్యూహేకీ ఎందుకో గోడ మీద పనులు ఎక్కువయ్యాయి. పండ్లన్నీ కోసేసిన చెట్టుకే మళ్లీ నిచ్చెన వేసింది. నిచ్చెనకి తెలుసు, ఆ చెట్టు మీద పండ్లు లేవని.

ఇప్పుడు గుడ్ల గొడవతో నేరుగా అతని దగ్గరికే వెళ్లింది. ఆకాశం మళ్లీ మూసుకొస్తోంది. తాన్ గోడని అడ్డంగా కోసిన కందకంలో కూర్చుని టేపుతో ఏదో కొలుస్తున్నాడు.

"మాష్టారూ, నిన్న మా ఇంట్లో ఏం తిన్నారు?"

"గుడ్లు. మీ నానమ్మగారి చేతిలో మహిమ ఉంది."

"వాటికి అర్థం తెలుసా?"

"గుడ్లకి అర్థమేముంటుంది?"

ఆమె చెప్పింది. వదిలేసే గుడ్డు సంగతీ, ఖాళీ గిన్నె సంగతీ, అన్నీ. అతని చేతిలోంచి టేపు సర్రున చుట్టుకుపోయి వేలు కొరికింది.

"ఇంకోటి కూడా అడిగానే!"

"అడిగారు. ఊరంతా అదే చెప్పుకుంటోంది. మీరు గ్రూపు చూడలేదా?"

"చూశాను. ఎవరో కోళ్లఫారం పెట్టారేమో, ప్రకటన అనుకున్నాను." అతని గొంతు సన్నబడింది. "మర్యాదకి నేనూ ఒక గుడ్డు పెట్టాను."

చ్యూహే కొంగలా ఒంగి ఒంగి నవ్వింది. నవ్వుతుండగానే వాన దిగింది. ఇద్దరూ ప్లాస్టిక్ పట్టా లాగి కందకం మీద కప్పారు. తలో మూలా పట్టుకుని కింద నిలబడ్డారు. నీళ్లు పట్టా మీద కుండలా నిండుతుంటే ఆమె పార కర్రతో కిందనుంచి పొడిచింది. నీళ్లు పక్కకి జారి సగం అతని మెడలోకి పోయాయి.

"ఇది జారిందా, వేశావా?"

"ఇది వానదేవుణ్ణి అడగండి." ఆమె కర్ర పక్కన పెట్టింది. నవ్వు ఆగింది. "సరే, ఇప్పుడేం చేస్తారు? తెలియక తిన్నానని చెప్పి కక్కేస్తారా?"

తేలిగ్గానే అడిగింది. కానీ అడిగాక పట్టా మూలని రెండు చేతులా బిగించి పట్టుకుంది.

అతను "ఇటు రా" అని కందకం గోడ చూపించాడు. మడతకాజా కోసినట్టు పొర మీద పొర, పొర మీద పొర. ఒక పొర పగిలినచోట పిడికెడంత గుంటలు వరసగా కనిపిస్తున్నాయి.

"దిమ్మిస దెబ్బలు. మట్టి గట్టిపడాలని ఎవరో ఎత్తి ఎత్తి కొట్టారు. అప్పుడూ ఇలాగే వానొచ్చి, ఇలాగే తిట్టుకుని ఉంటారు."

చ్యూహే ఒక గుంటలో తన పిడికిలి పెట్టింది. సరిగ్గా పట్టింది. చల్లగా ఉంది. పక్కనే చేతి మందం వేరొకటి ఆ పొరలన్నిటినీ చీల్చుకుంటూ దిగింది. వేరు చుట్టూ మట్టి పొడిపొడిగా రాలుతోంది. ఎవరి చెట్టు వేరో అతను చెప్పక్కర్లేదు. చెట్లకి అంటు కట్టే చేతులు ఆమెవి. వేరు ఏం చెయ్యగలదో ఆమెకి తెలుసు.

"చెట్లు పోవాలి చ్యూహే. ఎవరివైనా సరే. గుడ్లు తిన్నానని మీవి ఉంచితే, రేపటినుంచి ప్రతి ఇంట్లోనూ నాకోసం గుడ్లు ఉడుకుతాయి."

"ఊళ్లో పెళ్లీడు పిల్లలు ఇంకా ఇద్దరే ఉన్నారులెండి."

"గుడ్ల సంగతి వేరు." అతను కళ్లజోడు తీసి తడిచొక్కాతోనే తుడిచి, ఇంకా మసకగా చేసుకుని పెట్టుకున్నాడు. "వాటిని కక్కను."

"ఏమన్నారు?"

"తెలియక తిన్నమాట నిజం. తెలిసుంటే నెమ్మదిగా తినేవాణ్ణి. ఇంకోటి మాత్రం అడిగేవాణ్ణే."

చ్యూహే మొహం అటు తిప్పుకుంది. నవ్వు కనబడకుండా కోపాన్ని వెతుక్కుంది. కోపం దగ్గర్లోనే ఉంది.

"మా నాన్న చెట్లు కొట్టించి, మా నాన్న కూతుర్ని అడుగుతారా? మీ హూనాన్‌లో సిగ్గు పండదా?"

"లేదు. మిరపకాయలే పండుతాయి."

మర్నాడు ఊరి కమిటీ ఆవరణలో సమావేశం. పట్నంలో పండ్లమ్ముకుని చ్యూహే తండ్రి డాంగ్ షౌచెంగ్ కూడా తిరిగొచ్చాడు. గుడ్ల కబురు అతనికి బస్సులోనే అందింది.

తాన్ కాగితాలతో లేవగానే వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "అల్లుడుగారూ! మీ మామగారి చెట్ల దగ్గర గోడ వంకర తిరిగి తప్పుకుపోయిందా, లేక కింద మాయమైందా?"

జనం ఘొల్లుమన్నారు.

తాన్ గొంతు సవరించుకున్నాడు. "మొదట తీసెయ్యాల్సినవి డాంగ్ షౌచెంగ్ గారి చెట్లు" అన్నాడు.

నవ్వు టక్కున ఆగిపోయింది. షౌచెంగ్ కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "నా ఇంట్లో గుడ్లు మెక్కి నా చెట్లకే గొడ్డలి పెడతావురా? కుక్కకైనా విశ్వాసం ఉంటుంది!"

"కుక్కకి గుడ్లు పెట్టరుగా బావా" అంది జియా పిన్ని. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు లేచింది చ్యూహే. తండ్రి వైపు చూడలేదు. తాన్ వైపూ చూడలేదు. "ఒక మాట. గోడ చుట్టూ ఉన్న పాత అగడ్తకి అవతల ఖాళీ నేల ఉంది కదా. అక్కడేం నాటుతారు?"

"పట్నం నర్సరీనుంచి అలంకారపు చెట్లు" అన్నాడు తాన్.

"ఎందుకు? ఫోటోలకా? అక్కడ గోడ పునాది లేదుగా?"

"లేదు. పొడిచి చూశాను."

"అయితే కొట్టేముందు ప్రతి చెట్టునుంచీ కొమ్మలు నాకివ్వండి. చిన్న మొక్కలకి అంటు కట్టి అక్కడ నాటతాను. చెట్టు పోయినా పండు పోదు. ఎవరి చెట్టు అంటు వాళ్లది, ఎవరి పండ్లు వాళ్లవి. మీ పార్కుకి వచ్చినవాడు గోడ చూసి, నీడన కూర్చుని మా పండు కొనుక్కుని తింటాడు. కుదురుతుందా, కుదరదా?"

తాన్ ఆమెని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"మాష్టారూ, కొలవడం ఆపి జవాబు చెప్పండి" అన్నారెవరో.

"నేనొక్కణ్ణి కుదురుతుందనలేను. పైన అడగాలి. ఊఁ అనేదాకా అడుగుతాను" అన్నాడు.

పైవాళ్లు ఊఁ అనేసరికి చలి ముదిరింది. గొడ్డళ్లు పడేముందు చ్యూహే ప్రతి చెట్టెక్కి కొమ్మలు కోసి, కట్టలు కట్టి, నేలమాళిగలో తడి ఇసకలో పాతిపెట్టింది. చెట్లు కూలుతున్న రోజు షౌచెంగ్ ఇంట్లోనే కూర్చున్నాడు. ఆ తర్వాత తాన్ ఎదురుపడితే ఆకాశం వైపు చూసి వాతావరణం పరీక్షించేవాడు. తాన్ నమస్కారాలన్నీ మబ్బులకే పోయాయి.

వసంతం వచ్చింది. అగడ్త అవతల చిన్న మొక్కలు వరసగా నిలబడ్డాయి. చ్యూహే కొమ్మని చెక్కి, మొక్క చీలికలో దించి, పట్టీ చుడుతోంది. తాన్ పక్కన కూర్చుని చుట్టినది వదులైపోతోంది.

"గోడ పొరలు వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తారు. ఈ పట్టీ చుట్టడం రాదా?"

"గోడ కదలదు. నువ్వు పక్కనుంటే చెయ్యి కదులుతుంది."

"కబుర్లు తర్వాత. ఇలా పట్టుకోండి. గట్టిగా. మొక్కని, నా వేలిని కాదు."

చూడటానికి ఊరంతా వచ్చింది. నానమ్మ చిన్న పీట తెచ్చుకుని మధ్యలో కూర్చుంది. చివరికి షౌచెంగ్ కూడా చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. ఒక అంటుని ఒంగి చూశాడు. కూతురి పనిలో వంక దొరకలేదు.

"కాపుకొచ్చేసరికి నాలుగైదేళ్లు" అన్నాడు మబ్బులతో. "అప్పటికి ఇక్కడెవరుంటారు? తవ్వేవాళ్లు వలసపక్షులు. గుంట పూడ్చగానే ఇంకో ఊరు, ఇంకో గుంట. అక్కడా ఎవరో ఒకరు గుడ్లు పెట్టకపోరు."

చ్యూహే చెయ్యి ఆగింది. చలికాలమంతా ఆమె అడగలేకపోయిన ప్రశ్న అదే. తాన్ వైపు చూడకుండా పట్టీ కొసని వేలికి చుట్టుకుంది.

తాన్ లేచి నిలబడ్డాడు. మోకాళ్లకి మట్టి. "నేను వెళ్లడం లేదండీ. తవ్వకాల బృందంలోంచి తప్పుకున్నాను. ఈ పార్కు చూసుకునే ఉద్యోగం అడిగాను. నిన్ననే ఇచ్చారు."

"నిన్ననా! నాకు చెప్పలేదేం?" అంది చ్యూహే.

"పొద్దుటినుంచీ నువ్వు నన్ను నోరు తెరవనిస్తేగా."

"అంటే ఏం పని?" షౌచెంగ్ మొదటిసారి అతని మొహంలోకి చూశాడు.

"వాన పడితే గోడ కోసుకుపోకుండా చూడాలి. ఎవరూ మట్టి తవ్వుకుపోకుండా, చెట్లు మొలవకుండా చూడాలి. వచ్చినవాళ్లకి చూపించాలి."

"అంటే కాపలావాడివి."

"అంతేనండీ."

"విన్నారా!" షౌచెంగ్ ఊరందరి వైపూ తిరిగాడు. "యూనివర్సిటీ చదివి మట్టిదిబ్బకి కాపలా కాస్తాడట! మా వంశంలో ఇలాంటివాడు లేడు. ఇతనికి నా పిల్లనివ్వాలా? ఎందుకివ్వాలి?"

నానమ్మ పీట మీదనుంచి లేవలేదు.

"లేడు, నిజమే. మీ తాత ఆ గోడ మట్టి తవ్వి వంటిల్లు కట్టాడు. మీ నాన్న తవ్వి పందులదొడ్డి కట్టాడు. నువ్వు బట్టీ పెట్టి ఇటుకలు కాల్చుకున్నావు. ఈ ఇంట్లో దాన్ని తినేవాళ్లే పుట్టారు గానీ, కాచేవాడొక్కడైనా పుట్టాడట్రా?"