నాలుగంగుళాలు

"ఇది కుట్టింది మీరేనా?"

అడిగినామె బడిలో హాజరు రాసే క్లర్కు. వీధంతా ఆమెను రిజిస్టర్ మేడం అంటుంది. టైలర్ మనసులో ఇంకా ఏవేవో అంటాడు, అవి ఇక్కడ రాస్తే బాగోదు. ఆర్నెల్లుగా ఆమె తన కొట్టు మెట్లు మళ్ళీ ఎక్కే రోజు కోసం చూస్తున్నాడు పిచ్చి మారాజు. పెదవుల మధ్యనున్న గుండుసూదులు తీసేసి, చొక్కా సర్దుకుని లేచాడు.

ఆమె పక్కన ఏడో క్లాసు పిల్ల నిలబడి ఉంది. అడుగుతున్నది ఆ పిల్ల ఒంటి మీది యూనిఫాం స్కర్టు గురించి.

"నేనేనండీ. కుట్టు కనపడకుండా వేశాను."

"కుట్టే కాదు, మీకు అసలేమీ కనపడలేదు. ఈ స్కర్టు ఎవరిది?"

"వీళ్ళక్క తూనీగది. వాళ్ళమ్మ తెచ్చి చిన్నదానికి సరిచెయ్యమంది. నడుము నాలుగంగుళాలు తగ్గించి, రేపు పెరుగుతుందని లోపల మడత ఉంచాను."

"చిన్నది పెరుగుతుందని ఆలోచించారు. మరి పెద్దది ఏం వేసుకుని బడికొస్తుంది?"

టైలర్ మళ్ళీ ఆ స్కర్టు వైపు చూశాడు.

కిందటేడు ఆ బడిలో పదకొండు మంది చదువు మానేశారు. అప్పుడు ఆమె వీధిలో ప్రతి కొట్టూ ఎక్కి దిగింది. బేకరీ అక్క, సైకిళ్ళు బాగుచేసే పెద్దాయన, మందుల షాపాయన, టైలర్, ఇక మానేసేలా ఉన్న పిల్లల్ని తలా నలుగురి చొప్పున పంచుకున్నారు. తమ పిల్ల పొద్దున కొట్టు ముందు నుంచి బడికి వెళ్ళకపోతే సాయంత్రం ఆ ఇంటి తలుపు తట్టాలి. అంతే పని. టైలర్ వాటాకొచ్చిన నలుగురిలో పదో క్లాసు తూనీగ ఒకతె. కాలు ఒకచోట నిలవదని వీధి పెట్టిన పేరది. వాళ్ళ నాన్న పరంజా మీద నుంచి పడి మంచం పట్టినప్పటి నుంచి అందరికీ ఆ పిల్ల గురించే బెంగ.

"అత్తకి బాగోలేదని వెళ్ళిందన్నారండీ. ఇంటికెళ్ళి అడిగాను. మీకు లీవ్ లెటర్ కూడా ఇచ్చారుగా?"

ఆ మాటకి ఆమె మొహం తిప్పుకుంది.

"రేపు సాయంత్రం ఐదింటిలోగా పరీక్ష ఫారం మీద తూనీగ సంతకం పడాలి. లేకపోతే ఈ ఏడాది పోయినట్టే. ఏడాది పోయిన పిల్ల మళ్ళీ బడికి రాగా నేనెప్పుడూ చూడలేదు."

ఆ సాయంత్రం అందరూ కట్టకట్టుకుని తూనీగ ఇంటికి వెళ్ళారు. బేకరీలో తల్లికి పని ఇస్తానంది అక్క. తండ్రిని ఆసుపత్రికి తాను తిప్పుతానన్నాడు సైకిళ్ళ పెద్దాయన. తల్లి అంతా వింది.

"సోమవారమే పంపేశాను. బట్టల ఫ్యాక్టరీకి. అక్కడే హాస్టల్, ఏడాదికి ఒప్పుకున్నాం." తర్వాత టైలర్ వైపు తిరిగింది. "ఆ రోజు స్కర్టు పట్టుకుని నీ కొట్లో అరగంట నిలబడ్డాను తమ్ముడూ. పెద్దదానికి వద్దా అని ఒక్క మాట అడుగుతావేమోనని చూశాను. అడిగితే అంతా చెప్పేసేదాన్ని. నువ్వు టేపు తీసి కొలతలు రాసుకున్నావు."

టైలర్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు టైలర్, రిజిస్టర్ మేడం ఫ్యాక్టరీకి బస్సెక్కారు. రెండు గంటల దారి, దారంతా వాన. మూయడానికి రాని కిటికీ పక్క సీటు టైలర్ తీసుకున్నాడు.

"మీ భుజం తడిసిపోతోంది," అందామె.

"తడవనీండి. నేను కుట్టిన చొక్కానే, రంగు పోదు."

"ఇలాంటప్పుడు కూడా జోకులేనా?"

"భయమేస్తే అవే వస్తాయండీ."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. ఇంకో రోజైతే ఆ సగం నవ్వుతో అతను వారం రోజులు బతికేసేవాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర పది నిమిషాలు ఇచ్చారు. తూనీగ వచ్చింది. రోజంతా చొక్కాలకు దారాలు కత్తిరించే పని కాబోలు, జుట్టు నిండా దారం ముక్కలు. క్లర్కు ఫారం, పెన్ను చాపింది.

"సంతకం పెట్టు చాలు. పరీక్షలకి మేమే వచ్చి తీసుకెళ్తాం."

"పంపరు మేడం. వెళ్తే మళ్ళీ రానివ్వరు. నాన్న మందులు ఈ జీతంలోంచే."

"అవి మేం చూసుకుంటాం," అన్నాడు టైలర్.

"ఎన్నాళ్ళు చూస్తారు అన్నా?"

అతను జేబు తడుముకున్నాడు. తూనీగ పెన్ను వెనక్కి నెట్టేసింది.

"స్కర్టు చెల్లికి సరిపోయిందా అన్నా?"

"సరిపోయింది."

"దాన్ని మాత్రం చూస్తుండండి."

ఎప్పుడూ పరుగులు పెట్టే పిల్ల నడుచుకుంటూ లోపలికి పోయింది.

తిరుగు బస్సులో ఆమె ఫారం ఒళ్ళో పెట్టుకుని చేతి గడియారం చూస్తూ కూర్చుంది. "ఐదయింది," అంది. ఏడుపు తన్నుకొచ్చింది. "ఆ లీవ్ లెటర్ తూనీగే రాసింది. చేతిరాత చూడగానే తెలిసిపోయింది. ఆ రోజు పని ఎక్కువుందని అలాగే ఫైల్లో పెట్టేశాను. మీ మీద అరిచింది అందుకే."

"నాకు మీరంటే ఇష్టమండీ," అన్నాడు టైలర్.

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడు కాదు, తెలుసు. కానీ ఈ బరువంతా మీరొక్కరే మోసుకుని ఇంటికెళ్తారంటే చూడలేకపోతున్నాను."

ఆమె ఫారం నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచేసింది.

"మనిద్దరం కలిసి ఒక పిల్లని పోగొట్టాం మాస్టారూ. దాని మీద సంసారం పెట్టుకుంటామా?"

ఆమె తన స్టాపుకి ముందే దిగిపోయింది.

తర్వాత ఆమె ఆ వీధి మొహం చూడలేదు. వెనక సందులోంచి బడికి వెళ్ళేది. టైలర్ మాత్రం గుడ్డ పట్టుకొచ్చిన ప్రతివాళ్ళనీ ఎవరికి, ఎందుకు, ఇదివరకటిది ఏమైంది అని ఆరా తియ్యడం మొదలుపెట్టాడు. చొక్కా కుట్టమంటే జాతకం అడుగుతున్నాడని జనం విసుక్కున్నారు. అతనికి ఆ ఒక్క స్కర్టు తప్ప మరేదీ బుర్రకెక్కడం లేదు.

ఒక బుధవారం పొద్దున తూనీగ చెల్లెలు కొట్టు ముందు నుంచి వెళ్ళలేదు. బడి గంట కొట్టారు. అయినా రాలేదు. మెడలో టేపు అలాగే ఉంచుకుని, కొట్టు తెరిచి ఉండగానే టైలర్ పరుగందుకున్నాడు. మలుపులో ఎదురుగా రిజిస్టర్ మేడం, చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తుతూ వస్తోంది.

"మీరూ చూశారా?"

"హాజరు పిలిచాను. పలకలేదు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు.

తలుపు తీసిన తల్లిని ఇద్దరూ ఒకేసారి అడిగారు, చిన్నదేదని. తల్లి పక్కకి తప్పుకుంది. పిల్ల చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. క్లర్కు పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. ఒళ్ళు కాలిపోతోంది.

"జ్వరమే," అంది. "నిజంగా జ్వరమే."

అని కూలబడి భోరుమంది. పసిపిల్లకి జ్వరమొస్తే ప్రాణం లేచొచ్చే బతుకైపోయింది తమదని ఏడ్చింది. టైలర్ పక్కన కూర్చున్నాడు. అతని కళ్ళూ ఆగలేదు.

"ఈ జ్వరం తగ్గేదాకా రోజూ వస్తాం," అని తల్లితో చెప్పింది ఆమె. "ఇద్దరం వస్తాం."

టైలర్ విన్నాడు. బస్సులో కాదన్నదానికి ఇప్పుడొచ్చిన జవాబు అది.

తల్లి ఇంకా విడవని వాళ్ళ చేతుల వైపు చూసింది. మొహం కాస్త మెత్తబడింది.

"ఉండండి," అంది. "పెద్దది ఉంటే ఈపాటికి మీకు మంచినీళ్ళు తెచ్చిచ్చేది."

అని తనే లేచి వెళ్ళింది. ఆమె టైలర్ చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ తలెత్తలేకపోయారు.