పాత్‌లో మొదటి ఫోల్డర్

చీఫ్ తలుపు గడియ పెట్టాడు.

"సరిహద్దు అవతల ఉన్న మన ఏజెంటుకు నిన్న పంపిన మెసేజ్ శత్రువులకూ చేరింది. వాడి పాత ఇల్లు తెలిసిపోయింది. ఇవాళ కొత్త ఇంటి చిరునామా పంపాలి. పంపితే అదీ పోతుంది. పంపకపోతే వాడే పోతాడు."

ఎదురుగా కూర్చున్న గూఢచారి పిచ్చుక చివాలున లేచింది. ఆ ఏజెంటు ఆమె సొంత తమ్ముడు. వాడు తుమ్మినా ఆమెకు నిద్ర పట్టదు.

ఏసీ మెకానిక్ వేషంలో, టూల్‌బ్యాగ్‌తో ఆమె ఆ మెసేజ్ పంపిన తమ కంట్రోల్ రూమ్‌లోనే దిగింది. అక్కడి ఇన్‌చార్జి మేడం మెళ్లో ముత్యాలు, గదంతా సెంటు, ఎవరినైనా కరిగించే నవ్వు. మేడం కాఫీకి లేచిందో లేదో, పిచ్చుక కంప్యూటర్ ముందు వాలింది.

మెసేజ్ పంపే టూల్ పేరు 'పావురం'. పేరు టైప్ చేస్తే చాలు, కంప్యూటర్ తన పాత్‌లో, అంటే ఎక్కడెక్కడ వెతకాలో రాసుకున్న జాబితాలో, ఉన్న ఫోల్డర్లను వరసగా వెతికి, మొదట దొరికిన పావురాన్ని ఎగరేస్తుంది. ఆ వరస చూడగానే పిచ్చుకకు దొంగ ఎవరో తెలిసిపోయింది. అన్నిటికంటే ముందు మేడం సొంత ఫోల్డర్! అందులో ఇంకో పావురం. అది మనకూ మోస్తుంది, శత్రువుకూ మోస్తుంది.

సెట్టింగ్స్ ఫైల్ తెరిచి, వరసలోంచి ఆ ఫోల్డర్‌ను తీసిపారేసింది.

"మేడం వెనక్కొస్తోంది, బయటికొచ్చెయ్!" చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు. "ఇది ఆర్డర్!"

"రాను సార్."

"ఏమిటీ?"

"రానన్నాను. ఇది పంపేదాకా చచ్చినా కదలను."

చిరునామా చేర్చి, 'పావురం' అని కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టింది. మెడకు చల్లగా పిస్టల్ తగిలింది.

"నొక్కమ్మా, నొక్కు," నవ్వింది మేడం. "ఆగావేం?"

ఆపాల్సిన మనిషి తొందరపెడుతోందేమిటి? అప్పుడు వెలిగింది పిచ్చుకకు. ఫైల్ మారింది గానీ, ఈ విండో పొద్దుట తెరిచింది. కొత్త విండో తెరిచేదాకా ఇది పాత వరసలోనే వెతుకుతుంది!

"నీ చేతిలో పిస్టల్ ఉందని నీ మాట వింటాననుకున్నావా?" అంటూ కాలితో టూల్‌బ్యాగ్ తొక్కింది. అందులో దాచిన పొగ డబ్బా భళ్లున పేలింది. మేడం కాల్చిన గుండు సీలింగ్‌లో దిగింది. కళ్లు మండుతున్నా వేళ్లు ఆగలేదు. కొట్టింది చెరిపేసి, అసలు పావురం ఉన్న ఫోల్డర్‌తో సహా పూర్తి దారి కొట్టి, ఎంటర్ నొక్కింది. ఇక పాత్‌తో పనే లేదు.

చీఫ్ పంపిన గార్డులు మేడం చేతులు విరిచి పట్టుకునేసరికి తెర మీద జవాబు మెరిసింది: "చెప్పులు దొరికాయి." అంటే వాళ్ల సంకేత భాషలో, కొత్త చిరునామా తమ్ముడికి క్షేమంగా అందింది. పిచ్చుక టూల్‌బ్యాగ్ సర్దుకుంది.

"ఆర్డర్ ధిక్కరించావు," గర్జించాడు చీఫ్. "మెమో ఇస్తున్నాను."

"ఇవ్వండి సార్. తమ్ముడు రాగానే ఫ్రేమ్ కట్టిస్తాను."