గంగారత్నం గొంతు

"ఫ్యాను కట్టెయ్యవే, నీ కంప్యూటరుకి గాలి చప్పుడు పడదుగా!" అంటూ గంగారత్నం పీట వాల్చుకుని కూర్చుంది. పొద్దున్నే చేపల మార్కెట్టుకి బయల్దేరేలోపు కూతురి ముందు కాసేపు కూర్చోవడం ఆమెకు అలవాటైపోయింది.

నాగలక్ష్మి మైకు తల్లి నోటి దగ్గరికి జరిపింది. పగలు వన్‌టౌన్‌లో ఓ హోల్‌సేల్ కొట్టులో బిల్లులు టైపు చేస్తుంది. మిగిలిన టైమంతా ఈ పాత కంప్యూటరుదే. చూపులేనివాళ్ళకి తెలుగు చదివి వినిపించే ప్రోగ్రాం సొంతంగా రాస్తోంది. దానికో గొంతు కావాల్సి వచ్చింది. సందు మొదట్లో కేకేస్తే సందు చివరి మేడ మీదకి వినబడే గొంతు ఇంట్లోనే ఉండగా ఇంకెక్కడ వెతుకుతుంది?

"ఘ, ఘా, ఘి, ఘీ... ఈ వయసులో నాచేత గుణింతాలు వల్లె వేయిస్తున్నావు కదే!"

"నవ్వకమ్మా, అదీ రికార్డయిపోతోంది."

"అవనీ. నీ బ్లాగులో నా గురించి రాశావా?"

"రాశాలే."

రాయలేదు. ప్రోగ్రాం ఎంతవరకు వచ్చిందో, ఏ అక్షరం దగ్గర తడబడుతోందో, ఇలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్ళ ఈ నెల మీటింగు ఎక్కడో, అన్నీ వారం వారం రాసేది. గొంతు ఎవరిదన్న చోట మాత్రం 'ఒక శ్రేయోభిలాషి' అని ఊరుకుంది. ఆ బ్లాగు చదివేవాళ్ళంతా ఇంజనీర్లు. 'నాగలక్ష్మి గారూ' అని పిలుస్తారు. ఆ 'గారు' ఎక్కడ పోతుందోనని పిల్ల భయం.

"ఆదివారం కాలేజీలో మీటింగులో వినిపిస్తావంటగా. నేనూ రానా?"

"బయటివాళ్ళని రానివ్వరమ్మా. అయినా ఆదివారం నీకు బేరం కదా!"

గంగారత్నం గంప ఎత్తుకుని లేచింది. చేపలమ్మే వాళ్ళకి వారమంతా ఒక ఎత్తు, ఆదివారం ఒక్కటీ ఒక ఎత్తు.

ఆదివారం కాలేజీ హాలు నిండిపోయింది. కంప్యూటరు నాగలక్ష్మి బ్లాగును గంగారత్నం గొంతుతో గడగడా చదివేసింది. చప్పట్లు మోగాయి. ముందు వరుసలోంచి సొలొమోను మాస్టారు లేచారు. ఆయనకు చూపు లేదు. పెనమలూరు దగ్గర పిల్లలకు పాఠాలు చెబుతారు.

"మనిషి ఎదురుగా కూర్చుని పలకరిస్తున్నట్టుందండీ! ఎవరిదండీ ఈ గొంతు?"

అందరూ నాగలక్ష్మివైపే చూస్తున్నారు.

"మా వీధిలో చేపలమ్మే ఆవిడదండీ. గుణింతాలు చెప్పించేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చిందనుకోండి!"

హాలంతా గొల్లుమంది.

"ఆవిడతో ఒకసారి మాట్లాడొచ్చాండీ?" మాస్టారు మాత్రం నవ్వలేదు.

"ఊళ్ళో లేరండీ."

అప్పుడు చూసింది వెనక గుమ్మంవైపు. గంగారత్నం నిలబడి ఉంది. తలంటుకుని, పెళ్ళినాటి పట్టుచీర కట్టి, మల్లెపూలు పెట్టుకుంది. పక్కన నాగలక్ష్మి తండ్రి పోలరాజు. అందరూ నవ్వుతున్నారని ఆమె కూడా నవ్వుతోంది. 'ఊళ్ళో లేరండీ' అన్న మాట అర్థమయ్యేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. కొంగు భుజాల చుట్టూ లాక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నాగలక్ష్మి ఇల్లు చేరేసరికి పోలరాజు గుమ్మంలోనే ఉన్నాడు.

"ఆదివారం బేరం మానుకుని వచ్చిందే మీ అమ్మ! ఎవరన్నా అడిగితే నువ్వు చెయ్యెత్తి చూపిస్తావని వెనకాలే నిలబడింది."

"నాన్నా, వాళ్ళంతా పెద్ద చదువులు..."

"అయితే?"

నాగలక్ష్మి చెప్పులు విప్పి లోపలికి నడిచింది.

"ఊరుకో అయ్యా," అంది గంగారత్నం, చీర మడతపెడుతూ. "దానికి నా గొంతు కావాల్సొచ్చింది. నేను అక్కర్లేకపోయాను. అంతేగా!"

ఆ తర్వాత ఆమె కూతురికి వేళకు అన్నం పెట్టింది, చేప ముళ్ళు తీసి పెట్టింది. మాట మాత్రం లేదు. ప్రోగ్రాం నడిపితే చాలు, అమ్మ గొంతు పలికేది. అది వింటుంటే నాగలక్ష్మికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

చివరికి ఓ సాయంత్రం కూర్చుని బ్లాగులో రాసింది. అమ్మకి చదువు రాదు, ఎదురుపడి చెప్పే ధైర్యం తనకి లేదు. వంటింట్లోకి వినబడేలా స్పీకరు పెంచి మీట నొక్కింది.

"ఈ గొంతు మా అమ్మ గంగారత్నంది," అంది కంప్యూటరు, గంగారత్నం గొంతుతోనే. "మా అమ్మ చేపలమ్ముతుంది. ఆమె నా తల్లి అని చెప్పకుండా మీటింగులో అబద్ధం చెప్పాను. నాకు సిగ్గుగా ఉంది."

"ఆపవే!" తడి చేతులతోనే వచ్చింది గంగారత్నం. "సిగ్గుపడే పని నేనేం చేశానే, ఆ మాట నా గొంతుతో పలికిస్తున్నావు? నీ నోరేమైంది?"

నాగలక్ష్మికి ఏడుపు తన్నుకొచ్చింది. తన నోటితో చెప్పాల్సిన మాట కూడా తల్లి మీదే వేశానని అప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుని, తల్లి చూస్తుండగానే ఫోను తీసింది.

"మాస్టారూ, నాగలక్ష్మినండీ. ఆ గొంతు మా అమ్మదండీ. ఆ రోజు హాల్లోనే ఉంది. నేనే... నేనే ఊళ్ళో లేదని చెప్పానండీ."

"అమ్మగారు పక్కనున్నారామ్మా? ఒకసారి ఇవ్వు," అన్నారు మాస్టారు.

గంగారత్నం చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోను అందుకుంది. "నమస్కారమండీ... అయ్యో, అంత మాటెందుకండీ! చేపలు తింటారా? సోమవారం రండి, పులుసు పెడతాను. ఆదివారం మాత్రం వద్దండీ, బేరం టైము."

ఫోను పెట్టేసి కూతురివైపు చూడకుండానే పీట వాల్చుకుంది.

"ఇంకా ఏ గుణింతాలు మిగిలాయే? ఫ్యాను కట్టెయ్యి."