ఇరవై దాకా లెక్క

పుంగనూరులో బస్సు దిగి, ఆటో మాట్లాడుకొని పుట్టింటికి చేరేసరికి నీలిమకు ఆదివారం మధ్యాహ్నం మూడయింది. మూడేళ్ళ కూతురు చంద్రిక దారి పొడవునా ప్రశ్నలతో ఆమె ప్రాణం తోడేసి, ఆటో దిగగానే అమ్మమ్మ సంకెక్కేసింది. ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులో పట్టుపురుగులు, గుమ్మం ముందు మల్బరీ ఆకు మోపులు. అంతా ఎప్పటిలాగే ఉంది.

నీలిమ మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో కౌన్సెలర్. పదిమంది మనసుల్లో బూజు దులుపుతుంది. తన మనసులోని బూజు మాత్రం ఆమె చేతికందలేదు. పాప ఎక్కడైనా తలుపు వేసుకుందంటే చాలు, నీలిమ పెదవులు వాటంతటవే ఒకటి, రెండు, మూడు లెక్కపెడతాయి. ఇరవై అయ్యాక మళ్ళీ ఒకటి. కాళ్ళు కదలవు. పోయిన వారం పాప బాత్రూంలో గడియ పెట్టుకొని గుక్కపట్టి ఏడుస్తుంటే, ఈ మహాతల్లి బయట నిలబడి లెక్కపెడుతూనే ఉంది. మొగుడు మహేష్ డ్యూటీ నుంచి వచ్చి తలుపు పగలగొట్టాడు.

"తల్లివేనా నువ్వు?" అన్నాడతను. "వచ్చే నెల పాపను కుప్పంలో మా అమ్మ దగ్గర వదిలేస్తా. నీ దగ్గర ఉంచను."

ఆ మాటకు నీలిమ గుండె చెరువైంది. తనకు చదువు చెప్పిన రాజేంద్ర సారుకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పుకుంది. ఎంత పెద్దయినా మనిషి లోపల ఒక పసిబిడ్డ ఎక్కడో ఆగిపోయి ఉంటుందనీ, ఆ చోటు కనిపెట్టాలనీ ఆయన ఎప్పుడూ చెప్పేవాడు.

"నీకు గుర్తున్న మొట్టమొదటి సంగతి ఏందమ్మా?"

"అయిదేళ్ళుంటాయేమో. గోడకు నుదురు ఆనించి, కళ్ళు మూసుకొని లెక్కపెడతా ఉండాను సార్. బయట వాన. అంతే."

"అంత అమాయకమైన జ్ఞాపకాన్ని నమ్మొద్దు. గోడ పెచ్చులూడిన చోటే మనం క్యాలెండర్ తగిలిస్తాం. దాన్ని తీసి వెనక ఏముండాదో సూడు. సూసినావంటే ఈ లెక్క ఆగిపోతాది."

అందుకే వచ్చింది. కాఫీ తాగుతూ తల్లి వసంతమ్మను మెల్లగా కదిలించింది.

"అమ్మా, నాకు అయిదేళ్ళప్పుడు పెద్ద వాన ఏమన్నా పడిందా?"

"ఆ ఏడు ఒక్క చినుకు పడితే కదమ్మా. బోరు గూడా ఎండిపాయె. వాన యాడిది?" అంది వసంతమ్మ. గ్లాసు కింద పెట్టి, పాపను ఎత్తుకొని, మేత వేసే పని ఉందంటూ షెడ్డులోకి వెళ్ళిపోయింది.

నీలిమ వెనకే వెళ్ళింది. లోపల చీకటి, వెచ్చదనం, పచ్చి ఆకు వాసన. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు నములుతున్నాయి. ఆ చప్పుడు అచ్చం సన్నని వాన. నీలిమకు నవ్వొచ్చింది. ఓస్, ఇదేనా! దీనికా ఇన్నేళ్ళు జడుసుకున్నది!

బయటికొచ్చి షెడ్డు గోడ దగ్గర నిలబడింది. చిన్నప్పుడు నిలబడ్డది ఇక్కడే. మోకాళ్ళ మీద కూర్చొని, అయిదేళ్ళ పిల్ల ఎత్తులో నుదురు ఆనించింది. కళ్ళు మూసుకుంది. వాన... వాన... దాని వెంబడే ఒక వాసన. ముక్కు మండించే బ్లీచింగ్ మందు వాసన. కళ్ళు తెరిస్తే ఆకు వాసన తప్ప మరేదీ లేదు. మూస్తే మందు.

భుజం మీద చెయ్యి పడింది. వసంతమ్మ.

"అమ్మా, నాకు మందు వాసన వస్తా ఉండాది."

వసంతమ్మ గోడ వైపు తిరిగింది. పొద్దు వాలిపోతోంది.

"పురుగుల పంటకు ముందు షెడ్డంతా మందు కొట్టి, సందులకు కాగితాలు అతికించి, ఒకరోజు మూసి పెడతాము గదా. రేకుల మీద పంపు సప్పుడు వాన మాదిరే ఉంటాది," అంది. గొంతు గుసగుసలోకి దిగింది. "నేనే మందు కొట్టినా. నేనే తలుపు వేసి స్నానానికి పోయినా. వెనకాల తట్టల సందులో అది ఉండాదని నాకు తెలీదు నీలా..."

"ఎవరమ్మా?"

"ఉష. నీ చెల్లెలు. వాంతులై సచ్చిపోయిందని ఊరికి చెప్పినాము. నీకూ అదే చెప్పినాము."

క్యాలెండర్ ఊడిపడింది.

దాగుడుమూతలు. దొంగ నీలిమ. ఇరవై అవకముందే షెడ్డులోంచి "కూ..." అంది ఉష. తర్వాత వాన. తర్వాత తలుపు మూసిన చప్పుడు. అమ్మ అడుగులు దూరమయ్యాయి. ఆ తర్వాత తలుపు మీద చిన్న చేతులు... టప్... టప్... నీలిమకు వినబడింది. తెలుసు. ఆ పొద్దున అమ్మ ఒడిలోంచి తనను దించి చెల్లెల్ని ఎక్కించుకుంది. ఉండనీ, కాసేపు లోపలే ఉండనీ అనుకుంది నీలిమ. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ముప్ఫై ఏళ్ళుగా అమ్మ మోస్తున్న పాపం తనది. ఆ మాట చెప్పాలని నోరు తెరిచింది.

వాన ఆగిపోయింది.

"అదేంది?" అంది వసంతమ్మ. "గూళ్ళు కట్టేముందు మేత మానేందుకు ఇంకా నాలుగు దినాలుండాయే..."

లోపల ఒక్క పురుగూ నమలడం లేదు. ఆ నిశ్శబ్దంలోంచి...

"కూ..."

పాప! షెడ్డు తలుపు మూసుకొని ఉంది. నీలిమ పెదవులు కదిలాయి. ఒకటి... రెండు... కాళ్ళు రాయిలా బిగుసుకున్నాయి. పది... పదకొండు... తలుపు మీద చిన్న చేతులు. టప్... టప్... పదహారు... పదిహేడు...

"వస్తాండా!" అని అరిచి, లెక్క తెంపుకొని, తలుపు లాగేసింది.

లోపల ఎవరూ లేరు. పురుగులన్నీ తలలెత్తి, కదలకుండా, ఆమె నిలబడ్డ వైపే తిరిగి ఉన్నాయి. చల్లటి గాలి ఒకటి ఆమె మోకాళ్ళ పక్కనుంచి బయటికి పోయింది.

"పాపను నేను ఇంట్లో పండుకోబెట్టే వచ్చినాను కదమ్మా," అంది వసంతమ్మ.

నిజమే. చంద్రిక మంచం మీద హాయిగా నిద్రపోతోంది. నీలిమ పాపను గుండెకు హత్తుకొని బోరున ఏడ్చింది. ఏడుస్తూనే, తనకే తెలియకుండా, నవ్వింది. తలుపు తీసింది కదా! లెక్క ఆగింది కదా! ఇక పాపను ఎవరూ తీసుకుపోరు.

ఆ రాత్రే మదనపల్లె బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చంద్రిక ఒడిలో ముడుచుకొని పడుకుంది. మదనపల్లె దీపాలు కనబడేవేళ నీలిమ వంగి పాప తల మీద ముద్దుపెట్టుకుంది.

జుట్టంతా బ్లీచింగ్ మందు వాసన.

పాప కళ్ళు తెరవలేదు. ఎప్పుడూ మమ్మీ అని పిలిచే ఆ బిడ్డ నిద్రలోనే నీలిమ కొంగు గట్టిగా పట్టుకొని అడిగింది.

"అక్కా... నీ లెక్క అయిపోయిందా?"